సీసాకో కొసరు

పిడుగురాళ్ల నుంచి గురజాల పోయే రోడ్డు మీద, సున్నం బట్టీలు దాటగానే ఎడమచేతి వైపు నా పంక్చర్ షాపు. దాని పక్కనే తాటాకు పందిరి ఒకటి ఉంటుంది. అది యల్లమందది. ఆయన కల్లు అమ్ముతాడు, నేను టైర్లకు గాలి కొడతాను. పెళ్లాం బిడ్డలతో గడిపిన పొద్దు కంటే ఆ మనిషి పక్కన గడిపిన పొద్దే నాకెక్కువ. అయినా ఆయన కల్లు ఒక్క చుక్క నా నోట్లో పడలేదు, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తాగినవాడు చెప్పే కల్లు సంగతి ఎవడూ నమ్మడు. నేను చెప్పేది నమ్మవచ్చు. నాకు ఎక్కింది కోపం ఒక్కటే.

యల్లమందకు అరవై దగ్గర పడ్డాయి. బక్కగా, నల్లగా ఉంటాడు. చెట్టుకు రాసుకుని రాసుకుని రొమ్ము మీద చర్మం కాయ కాసింది. నోరు మంచిది కాదు. వచ్చినవాడిని కూర్చోమనడు, ఏం కావాలనీ అడగడు. కొత్తవాడెవడైనా కల్లు బాగుంటుందా అని అడిగితే, "బాగోకపోతే ఎందుకొచ్చినవ్?" అంటాడు. ఇలాంటి నోటితో మా రోడ్డు మీద మరొకడైతే ఆరు నెలలు కూడా వ్యాపారం చేయలేడు. యల్లమంద మాత్రం చేశాడు, ఎందుకంటే ఆయన కల్లులో నీళ్లు కలపడు.

కలపకపోవడం గొప్పేమీ కాదనుకుంటారు మీరు. ఈ రోడ్డు మీద అది గొప్పే. "చెట్టు ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే అమ్మాల. దాన్ని మనం పెంచగూడదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి, తాటిచెట్టును తనే కనిపెట్టినట్టు ఉండేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి. చేసినా, లోపల ఆ మనిషంటే నాకు గౌరవమే.

రెండోది కొసరు. ఇక్కడ సీసా అంటే పెద్ద బీరు సీసా. వైన్ షాపు వెనక పడేసిన ఖాళీలు తెచ్చి, కడిగి, ఎండబెట్టి అందులో కల్లు పోస్తారు. కొన్నవాడు ఆ సీసా ఖాళీ చేశాక తాటాకు దొప్ప చాపుతాడు. యల్లమంద లొట్టి వంచి, అంటే చెట్టుకు కట్టే ఆ కుండను వంచి, దొప్పలో ఇంత పోస్తాడు. అదే కొసరు. దానికి డబ్బు లేదు, కొలతా లేదు. కూరగాయల దగ్గర నాలుగు మిరపకాయలు ఎక్కువ వేసినట్టే. కానీ ఆ పందిరి కింద దానికి చాలా విలువ. ఎవడికి ఎంత పోశాడన్నదాన్ని బట్టి యల్లమందకు ఎవడి మీద ఎంత ప్రేమ ఉందో తెలిసేది. నోటితో ఒక్క మంచిమాట అనలేని మనిషి, అనాల్సినదంతా ఆ దొప్పలో పోసేవాడు.

అందరికంటే పెద్ద కొసరు బెంజిమిన్‌ది. బెంజిమిన్ సున్నం బట్టీలో రాయి ఎత్తే మనిషి. మధ్యాహ్నం పని దిగి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉంటుంది. గొంతు ఎప్పుడూ రాపిడిగానే పలుకుతుంది. యల్లమందను మామా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, మొదటి రోజున అన్నాడు, అలాగే ఉండిపోయింది. సీసా ఎత్తి తాగేటప్పుడు మాట్లాడడు. దొప్ప చాపినాక మాత్రం యల్లమంద నిండా పోసి, కారిందాకా పోసి, "తాగి చావు" అనేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్లు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. పక్క షాపులో ఉన్న నాకు విసుగొచ్చేది కానీ వాళ్లకు రాలేదు.

తర్వాత చెట్లు పోయాయి. మంచి చెట్లన్నీ జయకృష్ణగారి చేను గట్టున ఉండేవి. ఆయన నరసరావుపేటలో ఉంటాడు. చేను ప్లాట్లు చేశాడు. ఏడాదికింతని యల్లమంద ఆయనకు చెట్ల కౌలు కట్టేవాడు, అది ప్లాట్ల ముందు ఏపాటి? ప్రొక్లెయినర్ వచ్చి గట్టంతా ఒక పూటలో తోసేసింది. యల్లమంద ముందుగా చెట్లెక్కి లొట్లు దించుకుని, రోడ్డు పక్కన వరసగా పెట్టుకుని కూర్చుని చూశాడు. నేను టీ తీసుకెళ్లి ఇచ్చాను. తాగలేదు. మిగిలినవి కాలవ కట్ట మీది చెట్లు. అవి దూరం, పైగా పొడుగు. ఆయన మోకాళ్లు అప్పటికే మాట వినడం మానేశాయి.

చెట్లు సగమయ్యాక కల్లు కూడా సగమే అవుతుంది కదా. రేటు పెంచాడు. యాభైకి అమ్మే సీసా అరవై చేశాడు, మరుసటి ఎండాకాలానికి ఎనభై అయింది. అప్పుడు చూడాలి మా జనాన్ని. వైన్ షాపులో బీరు రేటు పెరిగితే కిటికీ కమ్మీల్లోంచి నోటు తోసి, ఇచ్చిన సీసా పట్టుకుని, తల దించుకుని వచ్చే మగధీరులు, ఇక్కడ పందిరి కింద లాయర్లయిపోయారు. చెట్టుకేమన్నా కరెంటు బిల్లు వస్తుందా అని ఒకడు, తాటిచెట్టుకు జీఎస్టీ వేశారా అని ఒకడు. యల్లమంద నోరు తెరిచి తిట్టేవాడు. తిట్టి, మళ్లీ వాడికే దొప్పలో కొసరు పోసేవాడు.

ఆ గొడవ చూడలేక ఆయన భార్య పార్వతమ్మ ఒక ఆలోచన చేసింది. ఆవిడ పొదుపైన మనిషి, మాట కూడా పొదుపే. ఒక రోజు బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొచ్చి మా ఇద్దరి ముందూ పెట్టింది.

"దీని రేటెంత?" అంది.

"పది" అన్నాడు యల్లమంద.

"నిరుడెంత?"

"పదే."

"లోపల నిరుడున్నన్ని ఉండయ్యా?"

యల్లమంద ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. నా పంక్చర్ సొల్యూషన్ ట్యూబు కూడా అంతే, పాత రేటుకే వస్తుంది, సగానికే అయిపోతుంది.

"రేటు మీద అందరి కన్నూ పడుద్ది. సీసా మీద పడదు" అంది పార్వతమ్మ. "చిన్న సీసాలు తెద్దాం. యాభైకే ఇద్దాం. నీ నోరూ బాగుంటది, వాళ్ల నోరూ బాగుంటది."

"అది మోసం గాదా?"

"నీళ్లు కలుపుదామన్నానా? సీసా కనపడతానే ఉంటదిగా. కళ్లుండోడు చూసుకుంటాడు."

అలా పింటు సీసాలు వచ్చాయి. పెద్ద సీసాలో సగం పట్టే బీరు సీసాలు, వాటిని కూడా వైన్ షాపు వెనక నుంచే ఏరుకొచ్చారు. మొదటి రోజు ఆవిడ లెక్కే నిజమైంది. మళ్లీ యాభై అయిందని విని జనం సంతోషంగా వచ్చారు. సీసా చేతిలోకి తీసుకున్నాక కాస్త తికమక పడ్డారు కానీ నోరెత్తలేదు. బెంజిమిన్ ఒక్కడే సీసాను ఎండకేసి ఎత్తి చూశాడు.

"ఏంది మామా, ఇదింకా పెరగాల్సిన పిల్లనా?" అన్నాడు.

పందిరంతా నవ్వింది. యల్లమంద కూడా నవ్వాడు. బెంజిమిన్ రెండు గుక్కల్లో తాగేసి దొప్ప చాపాడు. యల్లమంద ఎప్పటిలాగే లొట్టి వంచి, కారిందాకా పోశాడు.

పొరపాటు అక్కడ జరిగింది. బిస్కెట్ల కంపెనీవాడు చేయని పొరపాటు, ఎందుకంటే వాడికి కొసరు లేదు. కొసరు అనేది సీసాకో కొసరు. సీసా ఎంతదని కాదు, సీసా అయితే చాలు. ఇంతకుముందు పెద్ద సీసా తీసుకుని ఇద్దరు పంచుకునేవాళ్లకు ఒక్క కొసరు పడేది. ఇప్పుడు ఇద్దరూ చెరొక పింటు కొని చెరొక దొప్ప చాపుతున్నారు. ఒక్కడే రెండు పింట్లు తాగితే రెండుసార్లు చాపుతున్నాడు. యల్లమంద చెయ్యి మాత్రం పాత చెయ్యే. సీసా సగమైందని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. పింటు మీద మిగిలిందంతా దొప్పల్లోకి పోయింది. ఇంతకుముందు సాయంత్రందాకా వచ్చే లొట్లు మధ్యాహ్నానికే బోర్లా పడ్డాయి.

ఈ సంగతి ముందు పట్టుకుంది నేనే. చెబితే పార్వతమ్మ నుదురు కొట్టుకుంది. యల్లమందకు కోపం వచ్చింది. ఊరంతా కూడబలుక్కుని తనని దోచిందన్నాడు. ఎవరూ దోచలేదు. ఎప్పటిలాగే దొప్ప చాపారు, ఆయన ఎప్పటిలాగే పోశాడు.

"రెండు సీసాలకు ఒక కొసరని చెప్పు" అంది పార్వతమ్మ.

చెప్పి చూశాడు. ఒక సీసా తాగినవాడు దొప్ప పట్టుకుని నిలబడితే లేదనలేకపోయాడు. "లేదు" అనే మాట నోటిదాకా వచ్చేది, ఈలోపు చెయ్యి పోసేసేది. అంత దురుసు నోరున్న మనిషి దగ్గర ఇంత పిరికి చెయ్యి ఉంటుందని నేను అనుకోలేదు. చివరికి పార్వతమ్మ ఆయన్ని లేపి, లొట్టి దగ్గర తను కూర్చుంది. ఆయన అవతల తుమ్మచెట్టు కింద మోకు ముందేసుకుని కూర్చున్నాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు బిగించే తాడు అది. దానికి బాగు చేయాల్సింది ఏమీ లేదు, అయినా పురి విప్పుతూ పేనుతూ ఉన్నాడు.

బెంజిమిన్ వచ్చాడు, తాగాడు. దొప్ప చాపాడు.

"కొసరు ఆపేశాం బెంజిమినూ" అంది పార్వతమ్మ. "చెట్లు లేవయ్యా. గిట్టుబాటు గావట్లా."

బెంజిమిన్ తుమ్మచెట్టు వైపు చూశాడు. యల్లమంద తల ఎత్తలేదు. నేను చేతిలో ట్యూబు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏదో ఒకటి అనవయ్యా, కనీసం తిట్టు అని నా మనసులో ఉంది. ఆయన అనలేదు.

"అట్టాగా అత్తా" అన్నాడు బెంజిమిన్. "అయితే ఇది గూడా షాపేగా." దొప్పను జాగ్రత్తగా కింద పెట్టి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. కోపంగా పోలేదు, అదే నన్ను బాధపెట్టింది.

అదే వారంలో బైపాస్ దగ్గర అఖిల్ అనే కుర్రవాడు రేకుల షెడ్డు వేశాడు. పెద్ద సీసా, యాభై, పైగా ఐసు పెట్టెలో పెట్టి చల్లగా ఇస్తాడు. వాడికి చెట్లు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. వాడు చెట్టెక్కగా చూసినవాడు లేడు. కల్లు పేరు చెప్పి నీళ్లూ శాక్రిన్ బిళ్లలూ అమ్ముతున్నాడని బట్టీలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా నెల తిరగకుండా యల్లమంద పందిరి ఖాళీ అయింది.

బెంజిమిన్ బండి పంక్చరై నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఊరుకోలేకపోయాను.

"అక్కడ తాగేది నీళ్లని తెలుసా నీకు?"

"తెలుసు మౌలాలీ భాయ్."

"మరి ఈయనేం పాపం చేశాడు? కల్తీ లేకుండా ఇవ్వటమా?"

నేను టైరు ఊడదీసి ట్యూబు తొట్లో ముంచి బుడగ వెతికాను.

"మామది నిజం కల్లే" అన్నాడు బెంజిమిన్. "కానీ నిజం ఇంతే ఉంది, పిల్ల సీసాలో. బట్టీలోంచి వచ్చినోడికి గొంతు తడవాల భాయ్. ఆడ సీసా నిండా ఇస్తన్నాడు. కొసరు ఆడా లేదు, ఈడా లేదు. ఇంక ఏది సూసి రావాలంటావు?"

పంక్చర్ వేసి పంపించాను. ఆ మాట యల్లమందకు చెప్పకుండా ఉండాల్సింది, కానీ నాకు కడుపులో ఏదీ దాగదు. ఆయన విని, "వాడన్నది నిజమే సాయిబూ" అన్నాడు. అంతే.

కల్లు రేపటికి నిలవ ఉండేది కాదు. అమ్ముడుపోనిది సాయంత్రానికి పులిసి పనికిరాకుండా పోయేది. ఆయన దాన్ని తుమ్మచెట్టు మొదట్లో పారబోసేవాడు. పొద్దున నొప్పి మోకాళ్లతో ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎక్కి దించింది, సాయంత్రం మట్టిలో పోసేవాడు. నా షాపంతా పులుపు వాసన కొట్టేది. పార్వతమ్మ బట్టీలో సున్నం జల్లెడ పట్టే పనికి పోవడం మొదలుపెట్టింది. కల్లు మానేసి వాచ్‌మన్ పని చూసుకోమని నేను అన్నాను. "ఎవడి గేటు ముందో కూసోని లేచి సలాం కొట్టాలా?" అన్నాడు. అప్పుడు కూడా పొగరే. ఆ పొగరు చూస్తే ఇంకా ఏదో మిగిలిందని నాకు ధైర్యంగా ఉండేది.

ఒక పొద్దున ఆయన స్టీలు బిందె పట్టుకుని నా షాపుకు వచ్చాడు. నా తాగేనీళ్ల క్యాను వైపు చూశాడు.

"ఈ నీళ్లు మంచియ్యేనా సాయిబూ?"

"మినరల్ వాటరు. ఎందుకు?"

"బోరునీళ్లు ఉప్పగుంటయ్. తెలిసిపోద్ది."

నాకు అప్పుడు అర్థమైంది. వద్దని చెప్పే హక్కు నాకేముంది? నేనేమన్నా ఆయన కల్లు కొని తాగిన మనిషినా? క్యాను వంచాను, బిందె నిండింది. ఆయన పందిరిలోకి వెళ్లి లొట్టి ముందు కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఎంత పొయ్యాల?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలవదు" అన్నాడు. "ఎప్పుడన్నా పోస్తేగా."

సగానికి సగం పోశాడు. నురగ చచ్చిపోయింది. పుల్లతో తిప్పితే కాస్త లేచింది. మూలన పడేసిన పెద్ద సీసాలు తీసి కడిగి, అన్నీ మెడ దాకా నింపాడు. మధ్యాహ్నం బట్టీ వదిలే వేళకు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. కొనేవాడి కోసం ఆయన రోడ్డు మీదికి పోవడం నేనదే మొదటిసారి చూడటం. బెంజిమిన్ బండి కనపడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒరేయ్, రా. పెద్ద సీసా. యాభయ్యే. కొసరు గూడా ఉంది."

బెంజిమిన్ మొహం వికసించింది. అబద్ధం ఎందుకు, నాకు కూడా ఆ క్షణం బాగానే అనిపించింది. బండి స్టాండు వేసి వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. సీసా ఎత్తాడు. ఒక గుక్క తాగి ఆగాడు. సీసా దించలేదు, పెదవుల దగ్గరే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ చేతి కల్లు తాగిన మనిషికి తెలియకుండా ఉంటుందా? యల్లమంద బెంజిమిన్ గొంతు వైపే చూస్తున్నాడు. ఆ గొంతు మళ్లీ కదిలింది. ఆగకుండా చివరిదాకా తాగి, సీసా కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"బాగుంది మామా" అన్నాడు.

యల్లమంద లొట్టి ఎత్తాడు. "పట్టు దొప్ప."

"వద్దులే మామా."

"పట్టరా. నిండా పోస్తా."

"కడుపు నిండింది మామా, ఇంక పట్టదు." యాభై నోటు తీసి పార్వతమ్మ కూర్చునే పీట మీద పెట్టాడు. "రేపు గూడా వస్తాలే" అని, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

యల్లమంద లొట్టి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి చేతిలోంచి తీసుకుని కింద పెట్టాను. ఎవరికీ తెలియదులే, అందరూ చేసేదే కదా అని ఏదేదో అన్నాను. అవన్నీ నాకే నచ్చలేదు. ఆయన పీట పక్కన నేల మీద కూలబడ్డాడు.

"వాడికి తెలిసింది సాయిబూ."

"తెలిస్తే ఏమన్నా అనేవాడుగా."

"అదేగా నేననేది. తిట్టి, సీసా ఇసిరికొట్టి పోయుంటే ఇయ్యాల్టితో మానేసేవాణ్ణి." కింద పెట్టిన లొట్టిలోకి చూశాడు. "బాగుందన్నాడు సూడు. ఇంక నేను ఎట్టా మానాలి?"

మర్నాడు పొద్దున నేను షాపు తెరిచేసరికి, బిందె పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు.